పన్నుకు గుండె పూచీ

శనివారం పొద్దున్నే రాజనర్సయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. అమీర్‌పేట వెళ్లాలి, ఎడమవైపు కింది దవడలో పుచ్చిపోయిన పన్ను పీకించుకోవాలి, మధ్యాహ్నానికల్లా బోరబండలో ఇంటికొచ్చి మెత్తగా ఇంత పెరుగన్నం తిని పడుకోవాలి. అంతే. ఇందులో గుండె ప్రస్తావన ఎక్కడా లేదు. పోలీసుల ప్రస్తావన అసలే లేదు.

తొందర ఎందుకంటే, సోమవారం బడులు తెరుస్తారు. మధురానగర్‌లోని ఒక ప్రైవేటు బడి బస్సుకు ఆయన డ్రైవరు. వేసవి సెలవులన్నాళ్లూ నోరెత్తకుండా పడి ఉన్న పన్ను, సరిగ్గా బడి తెరిచే వేళకు మేలుకుని ఆయనకు కంటి మీద కునుకు లేకుండా చేసింది. నిద్రలేని కళ్లతో పిల్లల బండి తీయకూడదని ఆయన నియమం. ట్రాన్స్‌పోర్టు మేనేజరు నరేశ్‌ది కూడా అదే నియమం. కాకపోతే నరేశ్ చేతిలో ఇంకో డ్రైవరు కూడా ఉన్నాడు. ఒక్కసారి స్టీరింగు వేరేవాడి చేతికి వెళ్తే మళ్లీ తన చేతికి రాదని రాజనర్సయ్యకు బాగా తెలుసు.

"ఏం ఫికర్ జేయకు," అంది సత్తెమ్మ గుమ్మం దాకా వచ్చి. "కృష్ణమోహన్ డాక్టర్ చెయ్యి మస్తు మంచిది. నా పన్ను పీకింది నాకే తెల్వలే."

ఆవిడ చెప్పింది నిజమే. కొన్నేళ్ల కిందట ఆ కుర్చీలో కూర్చుని, ఆవిడ తన అత్తగారి సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. డాక్టరు "ఊఁ, అప్పుడేమైంది?" అంటూనే మత్తు సూది ఇచ్చి, "నోరు తెరవమ్మా" అని పన్ను తీసి పళ్లెంలో వేసి, మిగతా కథంతా ఓపిగ్గా విని పంపించాడు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో కృష్ణమోహన్ పేరు దేవుడి పేరు తర్వాత వస్తుంది.

తోడుగా సత్తెమ్మ తమ్ముడు సురేందర్ స్కూటీ తీశాడు. సురేందర్ చాలా మంచివాడు. ఆ రోజు కొంప ముంచింది ఆ మంచితనమే. కోర్టు ఆవరణలో ఒక మూల జిరాక్స్ మిషను పెట్టుకుని బతుకుతాడు. ఏం చేస్తుంటావని ఎవరైనా అడిగితే మాత్రం, "కోర్టులనే ఉంట" అంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ ఒక్క మాటతో అతనికి ఎన్నోసార్లు పార్కింగు దొరికింది, గ్యాసు బండ తొందరగా ఇంటికి వచ్చింది, ఒకసారి రైల్లో కిటికీ పక్క సీటు కూడా దొరికింది. అందుకని అవసరం ఉన్నా లేకపోయినా, ఎక్కడికి వెళ్లినా ముందు ఆ మాట చెప్పేసి తర్వాత నమస్కారం పెట్టడం అలవాటైపోయింది.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల నడుమ, ఒక జ్యూస్ షాపు పైన ఉంది కృష్ణమోహన్ క్లినిక్. రాజనర్సయ్య లోపలికి వెళ్లి ఒక్క నిమిషం తికమకపడ్డాడు. ఇదివరకు గోడ మీద బోసినవ్వుల పాపాయి బొమ్మ ఉండేది. ఇప్పుడు ఆ చోట "వైద్య ఫలితానికి హామీ లేదు" అని ఒక బోర్డు, దాని కింద "సంతకం చేసే ముందు చదవండి" అని ఇంకో బోర్డు, రెండింటికీ కాపలాగా మూలన ఒక కెమెరా ఉన్నాయి.

"ఇదంతా ఏందమ్మా?" అని అడిగాడు, బల్ల దగ్గర పేర్లు రాసుకునే నవీనను.

నవీన గొంతు తగ్గించింది. "నిరుడు బేగంపేట నుంచి ఒక పెద్దమనిషి వచ్చిండంకుల్. చెడ్డ పన్ను విడిచిపెట్టి పక్కనున్న మంచి పన్ను పీకిండని సార్ మీద వినియోగదారుల కమిషన్ల కేసేసిండు. తప్పు ఎవరిదో ఇంకా తేలలే. గప్పటిసంది సార్ ఇంట్ల కూరగాయలు కొన్నా సుత ముందు సంతకం అడుగుతుండంట."

రాజనర్సయ్యకు డాక్టరు మీద జాలేసింది. ఆ జాలి తన దవడకు చుట్టుకుంటుందని ఆయనకు తట్టలేదు.

కృష్ణమోహన్ అదే చిరునవ్వుతో పలకరించి, సత్తెమ్మ బాగుందా అని అడిగి, కుర్చీలో పడుకోబెట్టాడు. చిన్న అద్దం నోట్లో పెట్టి చూసి, ఒక పన్ను మీద తట్టాడు. రాజనర్సయ్య కేక కింద జ్యూస్ షాపు దాకా వినిపించింది.

"ఇదేనండీ. పూర్తిగా పుచ్చిపోయింది. మందులకు లొంగేది కాదు. తీసేద్దాం, ఎంతసేపు?" అంటూ డాక్టరు మత్తు సూది వైపు చెయ్యి చాచాడు. రాజనర్సయ్య కళ్లు మూసుకున్నాడు. ఈ కథ నిజానికి ఇక్కడే అయిపోవలసింది.

"జర పైలంగ సార్," అన్నాడు సురేందర్, గోడకు ఆనుకుని. "మా బావ ఒక్కడే మాకు పెద్దదిక్కు. నేను కోర్టులనే ఉంట."

డాక్టరు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఏ కోర్టండీ?"

"ఏ కోర్టని చెప్పాలె సార్? కేసు ఏదైనా, కాయితం నా చేతుల మీదికెల్లి పోవాల్సిందే."

చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి వచ్చి తెల్లకోటు జేబులో దాక్కుంది. డాక్టరు గ్లాసెడు నీళ్లు తాగాడు. తర్వాత రాజనర్సయ్యను, మొదటిసారి చూస్తున్నట్టు, పైనుంచి కింది దాకా చూశాడు.

"మీకు బీపీ ఉందా?"

"ఉన్నది సార్. గోలి ఏస్కుంటున్న."

"యాభై దాటాయి కదూ? నొప్పి ఎడమ దవడలో." ఈ మాటలు రాజనర్సయ్యతో అంటున్నాడన్న మాటే గానీ, చూపంతా సురేందర్ మీదే ఉంది. "ఎడమ దవడ నొప్పి ఒక్కోసారి గుండె నొప్పి కూడా కావచ్చండీ."

"గిప్పుడే గద సార్, పన్ను పుచ్చిందన్నరు?"

"పుచ్చింది. కాదనడం లేదు. కానీ పన్ను పుచ్చినవాడికి గుండె జబ్బు రాకూడదని ఎక్కడా లేదు కదా. పంజాగుట్టలో గుండె డాక్టరుకు చూపించి, 'పన్ను తీయవచ్చు' అని ఒక్క ముక్క రాయించుకు రండి. ఆ కాగితం నా చేతిలో పెట్టిన మరుక్షణం తీసేస్తా."

నొప్పిగా ఉన్న చోటు వేలు పెట్టి చూపించినా, దానికి కింది అంతస్తులో ఉన్న గుండె అనుమతి కావాలనడం రాజనర్సయ్యకు ఏమీ బోధపడలేదు. అయినా డాక్టరు దేవుడి తర్వాతి మనిషి. లేచి నోరు మూసుకున్నాడు.

పంజాగుట్ట ఆసుపత్రి చాలా పెద్దది. అక్కడ కూడా సురేందర్ ముందుగా తన మాట చెప్పేశాడు. ఫలితం వెంటనే కనిపించింది. చక్రాల కుర్చీ వచ్చింది.

"నేను నడుస్త," అన్నాడు రాజనర్సయ్య.

"నడిచి పడితే ఎవరిది సార్ జిమ్మేదారి?" అని కుర్చీ తెచ్చినతను ఆయన్ని అందులో కూర్చోబెట్టేశాడు.

ఆ తర్వాత రెండు మూడు గంటలు రాజనర్సయ్య తన ప్రమేయం లేకుండానే ప్రయాణం చేశాడు. ఒక గదిలో నెత్తురు తీశారు. అందుకోసం పొద్దుటి నుంచి ఏమీ తినకూడదన్నారు. పన్ను పుణ్యమా అని ఆయన ఎలాగూ తినలేదు. ఒక గదిలో ఛాతీకి తీగలు తగిలించారు. ఇంకో గదిలో ఏదో చల్లటి జిగురు పూసి గుండెను టీవీలో చూపించారు. వెళ్లిన ప్రతి గదిలోనూ ఆయన నోరు తెరిచి దవడ చూపించబోవడం, "నోరు కాదన్నా, అంగీ ఇప్పు" అని వాళ్లు అనడం.

చివరికి గుండె డాక్టరు మంజూష ఆయన్ని పిలిచింది. వయసులో చిన్నది, ముఖం కళగా ఉంది. కాగితాలన్నీ తిరగేసి నవ్వింది.

"బాగానే ఉందండీ. కంగారు పడాల్సింది ఏమీ లేదు."

రాజనర్సయ్యకు ప్రాణం లేచొచ్చింది. "గదే ఓ ముక్క రాసియ్యుండ్రి మేడమ్. పన్ను పీకించుకుంట."

ఆవిడ పెన్ను మూత తీసింది. సరిగ్గా అప్పుడే సురేందర్ తలుపు సందులోంచి తల దూర్చాడు.

"మేడమ్, మీ పూరా పేరు జర చెప్పుండ్రి. గ్రూపుల పెట్టాలె."

పాపం, అతని ఉద్దేశం మంచి డాక్టరు దొరికిందని పదిమందికీ చెప్పడమే.

"ఏ గ్రూపండీ?"

"ఇంటోళ్లది ఒకటి, మా కోర్టోళ్లది ఒకటి. రెండింట్ల పెడ్త."

మూత మళ్లీ పెన్నుకు చేరింది. మంజూష కాగితాలు ముందు నుంచి మళ్లీ చదివింది. ఇందాక నవ్వుతూ దాటేసిన ఒక గీత దగ్గర ఈసారి చాలాసేపు ఆగింది.

"ఇక్కడ ఈ గీత కొంచెం వంగినట్టు ఉందండీ. చాలామందికి ఉంటుంది. నా ఉద్దేశంలో ఏమీ లేదు. కానీ ఏమీ లేదని రాయడం వేరు."

"అంటే మేడమ్, మీరు అనుకునేది ఒకటి, రాసేది ఒకటా?" ఎత్తిపొడుపు ఏమీ లేదు. నిజంగానే తెలియక అడిగాడు.

ఆవిడ అబద్ధం చెప్పలేని మనిషిలా ఉంది. "మా సీనియర్ ఒకాయన ఒక పేషెంటుకి 'ఏమీ లేదు' అని రాశారండీ. ఆ రెండు మాటల కోసం ఏళ్ల తరబడి కోర్టుకు తిరుగుతున్నారు. అప్పటి నుంచి మా దగ్గర ఎవరికీ ఏమీ లేదని రాయడం మానేశాం. ఎవరికైనా ఏదో ఒకటి ఉండే ఉంటుంది. మీకు నోట్లో చీము ఉంది. అది గుండెకు పాకే ప్రమాదం ఉందని పుస్తకాల్లో ఉంది. ముందు ఆ పన్ను తీయించుకు రండి, అప్పుడు గుండె సంగతి తప్పకుండా రాసిస్తా."

"పన్ను పీకాల్నంటేనే గద మేడమ్ మీ కాయితం గావాలె!"

"నా కాగితం కావాలంటేనే కదండీ పన్ను తీయించాలి!"

రాజనర్సయ్య స్కూటీ వెనక కూర్చుని ఈ రెండు మాటలనూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూసుకున్నాడు. తిప్పి పెట్టి కూడా చూసుకున్నాడు. ఎటు నుంచి మొదలుపెట్టినా దవడ దగ్గరికే వచ్చి ఆగుతోంది. ఆకలి, సలుపు కలిసి తల తిరుగుతోంది. పన్ను నొప్పా, గుండె నొప్పా అన్న అనుమానం ఆయనకే మొదలైంది.

బండి ఎక్కే ముందు సురేందర్ ఇంటివాళ్ల గ్రూపులో ఒక కబురు పెట్టాడు: "బావకు పంజాగుట్ట పెద్ద దవఖానల గుండె పరీక్షలు అయినయి. డాక్టరమ్మ ఏం రాస్తలేదు. మల్ల అమీర్‌పేట తీస్కపోతున్న. అందరు దేవుని మొక్కుండ్రి."

ఒక్క మాట కూడా తప్పు లేదు. అయితే బోరబండలో ఆ కబురు చదివినవాళ్లకు "డాక్టరమ్మ ఏం రాస్తలేదు" అంటే ఒకటే అర్థం. మందు రాయడానికి కూడా ఏమీ మిగల్లేదని. వాళ్లలో రోగిని చూడకుండా ఇంట్లో కూర్చోవడం అంటే జన్మంతా మాట పడటమే. కుట్టుమిషన్లు ఆగాయి, పొయ్యిలు ఆరాయి, ఆటోలు కదిలాయి. దారిలో బేకరీల దగ్గర ఆగి, అలవాటు ప్రకారం, అందరూ తలా ఒక బ్రెడ్డు కొన్నారు.

స్కూటీ అమీర్‌పేట చేరేసరికి కబురు బడి దాకా పాకింది. రాజనర్సయ్య ఫోను మోగింది. నరేశ్.

"రాజనర్సన్నా, గుండెనట గదా?"

"గుండె కాదు సార్, పన్ను!"

"పన్నుకు గుండె డాక్టరెందుకన్నా?"

పొద్దుటి నుంచి తనకే అంతుపట్టని ప్రశ్న అది. రాజనర్సయ్య నీళ్లు నమిలాడు. ఆ తడబాటు అవతల వేరేలా వినిపించింది.

"చూడన్నా, తప్పుగ అనుకోకు. పిల్లల బండి. సోమవారం వేరేటోన్ని ఎక్కిస్త. లేదంటవా, నువ్వు మంచిగున్నవని ఒక్క డాక్టరుతోని చెప్పించు. కాయితం సుత అక్కర్లే, నోటితోని చెప్తే చాలు. నేను గక్కడికే వస్తున్న."

పన్ను సంగతి పక్కకు పోయింది. ఇన్నేళ్లుగా ఆ బస్సులో ఏ పిల్ల ఎక్కడ దిగాలో, ఏ పిల్లవాడు కిటికీలోంచి చెయ్యి బయట పెడతాడో అద్దంలో చూసే పని. అది పోతే తను బోరబండలో ఏం చేయాలో ఆలోచించడానికి కూడా భయమేసింది. తాను బాగున్నానని చెప్పే డాక్టరు ఒక్కడు, ఈ ఊళ్లో ఒక్కడు కావాలి.

మెట్లెక్కి వెళ్లి మళ్లీ అదే కుర్చీలో పడుకున్నాడు. కృష్ణమోహన్ మంజూష చేయించిన పరీక్షల కాగితాలు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివి, ఆవిడకు ఫోను చేశాడు.

"నమస్కారం మేడమ్. మీరు సరేనంటే నేను తీసేస్తానండీ. అయ్యో, నేను తీసేస్తే మీరు సరేనంటారా? అదేంటండీ, ముందు మీరే. లేదు లేదు, మీరు కానివ్వండి. మీరు పెద్దవారు. వయసులో కాదనుకోండి, గుండె కదా, పన్ను కంటే పెద్దది."

పెళ్లి భోజనంలో చివరి విస్తరి ముందు "మీరు కూర్చోండి" అంటే "మీరు కూర్చోండి" అనుకునే వియ్యంకుల్లా ఇద్దరూ చాలాసేపు మర్యాదలు చేసుకున్నారు. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న రాజనర్సయ్యకు దవడ పట్టేసింది.

అంతలో మెట్ల మీద నుంచి ఒక ఏడుపు వినిపించింది.

"అయ్యో కొడుకా! ఓ నర్సిగా! గింత జల్దిన పోతివా బిడ్డా!"

అది సీతాబాయి, రాజనర్సయ్యకు పినతల్లి. ఏడవాల్సిన చోట ముందుగా చేరుకుని గొంతెత్తడం ఆ ఇంటి ఆనవాయితీలో ఆవిడ వంతు. గ్రూపులోని కబురు ఆవిడకు ఎవరో చదివి వినిపించేసరికి, నడుమ రెండు మూడు నోళ్లు మారి, కొంచెం ముందుకు జరిగిపోయింది. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కలేక మొదటి మెట్టు మీదే కూర్చుని మొదలుపెట్టింది. ఆవిడ వెనక బోరబండ ఆటోలు ఒక్కొక్కటే వచ్చి ఆగాయి. కోచింగ్ క్లాసుల నుంచి బయటికొచ్చిన పిల్లలు ఏమైందని అడిగారు. "పన్నుకోసం పోయిన మనిషి ప్రాణం పోయిందంట" అని ఎవరో అన్నారు. జ్యూస్ షాపతను మిక్సీ ఆపేశాడు.

కృష్ణమోహన్ కిటికీలోంచి కిందికి చూశాడు. మనుషులు, ఆటోలు, చేతుల్లో ఏవో పొట్లాలు. పొట్లాల్లో బ్రెడ్డు ఉందని ఆయనకు ఎలా తెలుస్తుంది? రోగి పోయాడని ఆసుపత్రి అద్దాలు పగలగొట్టిన వార్తలన్నీ ఆయనకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ముఖం పాలిపోయింది. పరుగున వెళ్లి క్లినిక్ తలుపు గడియ వేసి, దానికి అడ్డంగా బల్ల జరిపాడు. నవీనను మందుల గదిలోకి పంపించాడు.

"నేనేమీ చేయలేదు!" అని తలుపు వెనక నుంచి అరిచాడు. "భగవంతుడి సాక్షిగా, నేను అతన్ని ముట్టుకోలేదు!"

ఆ కేక కింది దాకా వెళ్లింది. సీతాబాయి ఏడుపు మరో మెట్టు పైకెక్కింది.

"సార్, నేను బతికే ఉన్న," అన్నాడు రాజనర్సయ్య కుర్చీలోంచి, ఎందుకైనా మంచిదని.

"మీరుండండి," అన్నాడు డాక్టరు. వినిపించుకునే స్థితిలో లేడు.

తలుపు మీద లాఠీ చప్పుడైంది. "తలుపు తీయుండ్రి! పోలీస్!"

ఆ వీధి గస్తీ కానిస్టేబులు ఐలయ్య. డాక్టరు కదల్లేదు. సురేందర్ భయంతో గోడకు అతుక్కుపోయాడు. చివరికి రాజనర్సయ్యే లేచి, మెడలో డాక్టరు కట్టిన నీలం గుడ్డతోనే, బల్ల పక్కకు జరిపి గడియ తీశాడు.

"సచ్చిపోయింది ఎవరు?" అన్నాడు ఐలయ్య.

"నేనేనంట సార్."

ఐలయ్య ఉద్యోగంలో చాలా చూశాడు గానీ ఇది చూడలేదు. లాఠీ దించి నిలబడిపోయాడు. ఆయన వెనక నుంచి సత్తెమ్మ తోసుకొచ్చి, మొగుడి ముఖం రెండు చేతులతో పట్టుకుని తడిమి చూసింది. కళ్ల నిండా నీళ్లు.

"గుండె సంగతి నాకెందుకు చెప్పలేదయ్యా? ఇన్నేండ్లు కాపురం జేసి నా దగ్గరనే దాస్తవా?"

"నాకే పొద్దుగాల తెలిసిందే!" అన్నాడు రాజనర్సయ్య. ఆవిడ వెనకే బోరబండంతా లోపలికి వచ్చింది, బ్రెడ్డు పొట్లాలతో సహా. చివరగా నరేశ్ కూడా వచ్చి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

డాక్టరు రెండు చేతులూ పైకెత్తేశాడు. "కానిస్టేబుల్ గారూ, మీరే సాక్షి. నేనేమీ చేయలేదు."

"గదే సార్ మేం అడుగుతున్నది," అంది సత్తెమ్మ. "పొద్దుగాలసంది పన్ను సలుపుతుందని మొత్తుకుంటుండు. ఏం చేయలేదెందుకు?"

"అవును, ఎందుకు చేయలే?" అన్నారు వెనకవాళ్లు. చేస్తే కేసు వస్తుందని ఏడాదిగా వణికిపోతున్న మనిషికి, చేయనందుకు నిలదీస్తారని ఎవరూ చెప్పలేదు. కృష్ణమోహన్ సురేందర్ వైపు వేలు చూపించాడు.

"అలా కాదండీ. వారి వెంట వచ్చినాయన కోర్టు మనిషి. రేపు ఏదైనా తేడా వస్తే..."

ఐలయ్య అటు తిరిగాడు. "ఎవరు, సురేందరా? అరే, నువ్వేందిరా గిక్కడ? సార్, వీడు మా కోర్టుల జిరాక్స్ తీస్తడు. మొన్న నా సమన్లు సగం తెల్లగ తీసిండు."

"గదీ టోనర్ అయిపోయి అన్నా," అన్నాడు సురేందర్ నేలచూపులు చూస్తూ.

"జిరాక్సా?" అన్నాడు డాక్టరు. ఆ గొంతులో ఏడుపో నవ్వో తెలియలేదు. కుర్చీలో కూలబడబోయి, అది రోగి కుర్చీ అని గుర్తొచ్చి లేచాడు.

రాజనర్సయ్య గుమ్మంలో ఉన్న నరేశ్‌ను చూశాడు, తర్వాత డాక్టరును చూశాడు. ఇంక సిగ్గుపడే ఓపిక లేదు. "సార్, మీ కాళ్లు మొక్కుత. సోమవారం బండి పోతది. పీకుండ్రి."

కృష్ణమోహన్ గది నిండా ఉన్న మనుషుల్ని చూశాడు. వాళ్ల చేతుల్లో రాళ్లు లేవు, బ్రెడ్డు ఉంది. పైగా ఇంతమంది. ఏడాదిగా ఆయన వెతుక్కుంటున్నది ఒక్క సాక్షిని. వాళ్లు ఆటోల్లో వచ్చి మరీ నిలబడ్డారు. ఆయన ముఖంలోకి మెల్లగా రంగు వచ్చింది.

"ఏ పన్నో మీ వేలితో మీరే చూపించండి. అందరి ముందూ."

రాజనర్సయ్య మళ్లీ కుర్చీలో పడుకుని చూపించాడు. డాక్టరు దీపం వంచాడు. ముందు సత్తెమ్మ తొంగి చూసి "గదే" అంది. ఐలయ్య చూశాడు. నరేశ్ చూశాడు. కిందనుంచి ఇద్దరు ఎత్తి తీసుకొచ్చిన సీతాబాయి కూడా కళ్లు తుడుచుకుని చూసి, "అబ్బ, ఎంత దొడ్డ పుప్పి రా కొడుకా" అని ఒప్పుకుంది. బోరబండ మొత్తం వరుసలో నిలబడి, దేవుణ్ణి చూసినట్టు ఆ నోట్లోకి చూసి, అదేనని తల ఊపింది. ఇంత పూచీ ఏ కాగితం మీదా దొరకదు.

డాక్టరు మత్తు సూది ఇచ్చాడు. దవడ మొద్దుబారేదాకా ఆగాడు. "సత్తెమ్మగారూ, మీ అత్తగారి కథ చివర మరిచిపోయాను, అప్పుడేమైందీ?" అన్నాడు. ఆవిడ మొదలుపెట్టింది. వెనకవాళ్లు "ఆఁ, ఆఁ" అంటూ వింటున్నారు. ఆ చెయ్యి పాత చెయ్యే. అటు ఇటు ఒక్కసారి ఊపింది, అంతే. పళ్లెంలో టక్కున చప్పుడైంది.

"మరి గుండె సంగతి?" అన్నాడు నరేశ్ గుమ్మంలోంచి.

పన్ను సజావుగా వచ్చిన సంబరంలో కృష్ణమోహన్ ఒళ్లు మరిచిపోయాడు. "గుండెకేమయ్యా? పరీక్షలన్నీ నేను చూశాను కదా. గుండ్రాయిలా ఉన్నాడు! పన్ను తప్ప అతనికి ఇంకే జబ్బూ లేదు!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. గోడ మీది బోర్డు వైపు ఒకసారి, కెమెరా వైపు ఒకసారి చూశాడు. కానీ మాట బయటికి వచ్చేసింది, అందరూ విన్నారు. "చాలు సార్," అన్నాడు నరేశ్. "రాజనర్సన్నా, సోమవారం ఏడింటికి బండి." దూది కరిచి పట్టుకున్న రాజనర్సయ్య మాట్లాడలేక, డాక్టరు చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. డాక్టరు ఆ చెయ్యి చాలాసేపు వెనక్కి తీసుకోలేదు. ఎందుకో ఆయన కళ్లు కూడా తడిశాయి.

పన్నును దూదిలో చుట్టి సత్తెమ్మ చేతికిచ్చాడు, ముట్టినట్టు ఒక్క సంతకం మాత్రం తీసుకుని.

సోమవారం బండి కదిలింది. మంగళవారం మధ్యాహ్నం పంజాగుట్ట ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మంజూష మేడమ్ కేసును మళ్లీ పరిశీలించారట. పన్ను తీయించే ముందు, ఎందుకైనా మంచిది, నరాల డాక్టరుకు కూడా ఒకసారి చూపించాలట.

రాజనర్సయ్య తల పట్టుకున్నాడు. సత్తెమ్మ మాత్రం లోపలికి వెళ్లి, దూదిలోని పన్నును చిన్న కుంకుమ డబ్బీలో వేసి, మూత బిగించి, ఫోను తనే అందుకుంది.

"వాళ్లు చూస్తమన్నది దీన్నే గద? దీన్నే పంపిస్త. నువ్వు బండికి పో."

ఆసుపత్రివాళ్లు కాసేపు లోపల మాట్లాడుకుని, పన్ను ఒక్కటే వస్తే చేర్చుకోవడం కుదరదని, సంతకానికి తోడు ఎవరైనా రావాలని చెప్పారు.